ఎన్నాళ్ల నుంచి ఈ దగ్గు?

మా నాన్న ఇంటికొస్తున్న సంగతి మాకు గేటు చప్పుడుతో తెలిసేది కాదు. దగ్గుతో తెలిసేది. వీధి మలుపులో ఓసారి, రావిచెట్టు దగ్గర మరోసారి, గుమ్మం ముందు గొంతు సవరించుకుంటూ ఇంకోసారి. ఆ మూడో దగ్గు వినపడేసరికి అమ్మ కంచం పెట్టేసేది. మేం పిల్లలం ఆట ఆపి పుస్తకాలు తీసేవాళ్లం. ఆ దగ్గు మా ఇంట్లో గడియారంలాంటిది.

నాన్న నీటిపారుదల శాఖలో లస్కరు. చల్లపల్లి దగ్గర మా ఊరి కాలువ మీద తూములు ఎత్తడం, దించడం, గట్టు మీద తిరిగి గండ్లు చూసుకోవడం ఆయన పని. జూన్‌లో కాలువకు నీళ్లొచ్చాయంటే రాత్రీ పగలూ గట్టు మీదే. తోడుగా ఒక చేతికర్ర, ఒక టార్చిలైటు, రొండిన పొగాకు కాడ, అగ్గిపెట్టె. నడుస్తూనే చుట్ట చుట్టుకునేవాడు. సగం కాల్చి ఆర్పి, మిగిలింది చెవి మీద పెట్టుకునేవాడు. ఊళ్లో పెద్దవాళ్లంతా అంతే. చుట్ట కాల్చేవాడు దగ్గడం, వర్షాకాలం కప్ప అరవడం ఒకటే మాకు. అందులో వింతేముంది?

2003 సంక్రాంతికి భార్యనీ కూతుర్నీ తీసుకుని విజయవాడ నుంచి ఊరెళ్లాను. అప్పటికి నాన్నకు అరవై అయిదేళ్లు. ఉద్యోగం అయిపోయినా పొద్దున్నే గట్టు మీద నడక మానలేదు. భోగి రోజు రాత్రి అరుగు మీద కూర్చుని ఉంటే అమ్మ నా పక్కకొచ్చి నెమ్మదిగా అంది. "ఈ దగ్గు ఆ దగ్గు కాదురా."

నేను నవ్వాను. "దగ్గులో కూడా రకాలుంటాయా అమ్మా?" అన్నాను.

ఉంటాయి. నలభై ఏళ్లు ఒక మనిషి దగ్గు విన్న మనిషికి ఆ తేడా ఏ యంత్రం కన్నా ముందు తెలుస్తుంది. ఇది నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. అప్పటికి చాలా ఆలస్యమైంది.

మినుము పీకే రోజుల్లో నాన్న తువ్వాలు మీద సన్నటి ఎర్రచార కనిపించింది. "పళ్లలోంచి వచ్చిందిలే" అన్నాడు నాన్న. అమ్మ ఆ తువ్వాలు ఉతికి ఆరేసింది. పది రోజులు ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం. ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గుమందు ఇచ్చాడు. తగ్గలేదు. మార్చి నెలలో దగ్గర్లోని టౌనుకు తీసుకెళ్తే ఎక్స్‌రే తీశారు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో రూపాయి బిళ్లంత మచ్చ. "టీబీ అయ్యుంటుంది" అన్నారు. కళ్లె పరీక్ష చేస్తే క్రిములు కనిపించలేదు. "ఒక్కోసారి కనిపించవు, మందులు మొదలుపెడదాం" అన్నారు. అది అబద్ధమేమీ కాదు, నిజంగానే ఒక్కోసారి కనిపించవు. మేమూ మరో మాట అడగలేదు. పెద్ద చదువులు చదివిన డాక్టరును మనం ఎదురు ప్రశ్న వేయడమేమిటి?

టీబీ అనే మాట మా ఇంట్లో ఎంత పని చేసిందో చెప్పాలి. మా చిన్నప్పుడు ఎవరినైనా "మంగళగిరి పంపారట" అంటే చాలు, అక్కడున్న క్షయ శానిటోరియం గుర్తొచ్చి జనం గొంతు తగ్గించేవాళ్లు. అందుకని మా వాళ్లు విషయం బయటికి పొక్కనివ్వలేదు. నాన్నకు విడిగా కంచం, విడిగా గ్లాసు. పడక వసారాలోకి మారింది. వేసవి సెలవులకు వెళ్లినప్పుడు మా పాపను నేనే ఆయన ఒళ్లో కూర్చోనివ్వలేదు. ఆయన గమనించాడు, ఏమీ అనలేదు. చెవి మీది చుట్ట తీసి చూసి మళ్లీ పెట్టుకున్నాడు. టీబీ గాలి ద్వారా వస్తుంది కానీ కంచాల వల్ల రాదనీ, సరైన మందులు పడితే చాలామందిలో కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటుకునే ప్రమాదం బాగా తగ్గిపోతుందనీ అప్పుడు మాకు తెలియదు. అన్నిటికన్నా పెద్ద విషయం, ఆయనకు అసలు టీబీయే లేదు. లేని జబ్బుకు మా నాన్నను మా ఇంట్లోనే వెలివేశాం.

నవంబరు వచ్చేసరికి మనిషి సగమయ్యాడు. గొంతు బొంగురుపోయింది. కుడి భుజం నొప్పితో రాత్రిళ్లు నిద్ర లేదు. పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు మీదుగా బస్సులో విజయవాడ తీసుకొచ్చాను. సూర్యారావుపేటలో ఒక ఛాతీ వైద్యుడికి చూపించాను. సీటీ స్కాన్ తీశారు. సన్నటి సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చిన రోజు ఆయన నన్నొక్కడినే లోపలికి పిలిచి, మేం తీసుకెళ్లిన పాత ఎక్స్‌రేనీ, కొత్తదాన్నీ పక్కపక్కనే లైటు పెట్టె మీద పెట్టారు. మార్చిలో రూపాయి బిళ్ల. నవంబరులో పెద్ద నిమ్మకాయ.

"ఊపిరితిత్తుల క్యాన్సర్ అండీ. ఎముకకు కూడా పాకింది" అన్నారు. తర్వాత కాసేపాగి, "అప్పుడే చూసి ఉంటే ఆపరేషన్‌కు వీలుండేదేమో" అన్నారు.

ఆ 'ఏమో' అనే మాట ఇరవై రెండేళ్లుగా నా వెంట తిరుగుతోంది.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. నొప్పి తగ్గడానికి రేడియేషన్ ఇచ్చారు. నొప్పి తగ్గింది, ఆ మేలు మరచిపోలేను. కానీ జబ్బు తగ్గే దశ దాటిపోయింది. 2004 ఏప్రిల్‌లో, కాలువలు కట్టేసిన రోజుల్లో, నాన్న వెళ్లిపోయాడు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ కథ రాసే అర్హత నాకు లేదు. నాన్న దహనమైన సాయంత్రం నేను గడ్డివాము వెనక్కి వెళ్లి సిగరెట్ వెలిగించాను. డిగ్రీ అయిన ఏడాది, 1985లో మొదలైన అలవాటు. బ్యాంకులో గుమస్తాగా చేరాక రోజుకు రెండు పదుల పెట్టెలు అయిపోయేవి. నాన్నది ముతక చుట్ట, నాది ఫిల్టరు సిగరెట్, రెండూ ఒకటెలా అవుతాయని నాకు నేనే చెప్పుకున్నాను. పొగకు ఆ తేడా తెలియదు. సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫోర్డ్ హిల్ అనే శాస్త్రవేత్తలు 1950లోనే లెక్కలతో చూపించారు. చుట్ట, బీడీ, సిగరెట్, హుక్కా దేనికీ మినహాయింపు లేదు.

2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగతాగడం దేశమంతా నిషేధించారు. నేను బ్యాంకు వెనక సందులోకి మారానే తప్ప మానలేదు. 2009లో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే మా ఆవిడ కాఫీ గ్లాసుతో ఎదురొచ్చింది. ఇంకా తలుపు కూడా తట్టలేదు. "అప్పుడే ఎలా తెలిసింది?" అన్నాను.

"మీ దగ్గు వినపడిందిగా. మెట్ల దగ్గర్నుంచే" అంది మామూలుగా.

ఆ కాఫీ నేను తాగలేకపోయాను. జేబులోని పెట్టె ఆ రాత్రే చెత్తబుట్టలోకి వెళ్లింది. ఒక్కసారిగా మానేశానని గొప్పలు చెప్పను. రెండుసార్లు మళ్లీ ముట్టుకున్నాను. మూడోసారి నిలబడ్డాను. మానాలనుకునేవారికి ఇప్పుడు 1800-11-2356 అనే ఉచిత జాతీయ నంబరు ఉంది. ఫోన్ చేస్తే మాట్లాడి ధైర్యం చెప్పి దారి చూపిస్తారు. మానేసిన పదేళ్లకు ఈ క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు, మానని వారితో పోలిస్తే దాదాపు సగానికి తగ్గుతుంది. సగానికి తగ్గుతుంది కానీ సున్నా కాదు. ఆ మిగిలిన సగం కోసమే తర్వాతి పరీక్ష.

ఊపిరితిత్తులకు లోపల నొప్పి తెలియదు. అందుకే గడ్డ పక్కనున్న పొరనో, ఎముకనో, నరాన్నో తాకేదాకా మనిషికి ఏమీ అనిపించదు. అనిపించేసరికి చాలామందిలో అది ముదిరి ఉంటుంది. 2022లో మన దేశంలో ఈ క్యాన్సర్ కొత్తగా సుమారు 81 వేల మందికి వచ్చిందనీ, 75 వేల మంది దానితో చనిపోయారనీ అంతర్జాతీయ అంచనా. ఆ రెండు అంకెలు అంత దగ్గరగా ఉండడంలోనే అసలు బాధ ఉంది. అమెరికా లెక్కల్లో చూస్తే, ఊపిరితిత్తి దాటకముందే దొరికినవారిలో పదిమందికి ఆరుగురు అయిదేళ్ల తర్వాత కూడా ఉంటున్నారు. దూరపు అవయవాలకు పాకాక దొరికితే పదిమందిలో ఒక్కరు ఉండడమూ కష్టమే. ఒకే జబ్బు. తేడా అంతా దొరికిన రోజులో ఉంది.

ఎక్స్‌రేలో చిన్న గడ్డలు తప్పించుకోవచ్చు. అందుకని తక్కువ రేడియేషన్‌తో తీసే 'లో డోస్ సీటీ' అనే పరీక్ష వచ్చింది. అమెరికాలో 53 వేల మందికి పైగా పొగతాగేవారి మీద, మానేసినవారి మీద జరిపిన అధ్యయనం ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఎక్స్‌రే తీయించుకున్నవారి కన్నా ఈ సీటీ తీయించుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. 2020లో యూరప్ అధ్యయనం కూడా అదే దారిలో ఫలితం చూపింది. యాభై దాటి, రోజుకొక ఇరవై సిగరెట్ల చొప్పున ఇరవై ఏళ్లు కాల్చినవారు, మానేసి పదిహేనేళ్లు దాటనివారు ఏటా ఈ పరీక్ష చేయించుకోవాలని 2021లో అమెరికా నిపుణుల బృందం చెప్పింది. మన దేశంలో ప్రభుత్వం ఊరూరా చేసే క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారానికే. ఊపిరితిత్తులకు అలాంటిది లేదు. మనమే అడిగి చేయించుకోవాలి.

2022లో, నా యాభై తొమ్మిదో ఏట, అడిగాను. నిజానికి మా ఆవిడ అడిగించింది. నేనైతే "తెలిస్తే భయం, తెలియకపోతే హాయి" అనే బాపతు. స్కాన్ గదిలో బల్ల మీద పడుకోబెట్టారు. ఇంజెక్షన్ లేదు, నొప్పి లేదు. "గాలి పీల్చి ఆపండి" అన్నారు. ఆ కొద్ది క్షణాల్లో నాన్న తువ్వాలు కళ్ల ముందు ఆడింది. రిపోర్టులో ఎడమవైపు ఏడు మిల్లీమీటర్ల చుక్క ఉందని రాశారు.

ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు. డాక్టరు మాత్రం నిదానంగా చెప్పారు. "ఇలాంటి చుక్కల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి పాత మచ్చలు చాలామందికి ఉంటాయి. కంగారుపడి కోయొద్దు, నిర్లక్ష్యం చేసి వదలొద్దు. ఆరు నెలలకు మళ్లీ చూద్దాం." ఆ ఆరు నెలలు ఎలా గడిచాయో మా ఇంటి గోడలకు తెలుసు. మళ్లీ తీస్తే చుక్క అలాగే ఉంది, పెరగలేదు. ఇప్పుడు ఏటా వెళ్తున్నాను. పరీక్ష వల్ల ఇలాంటి అనవసరపు దిగులు కూడా ఉంటుంది. అందుకే ముప్పు ఎక్కువ ఉన్నవారే, ఛాతీ వైద్యుడితో మాట్లాడి చేయించుకోవాలి. అందరూ పరుగెత్తాల్సిన పని లేదు.

అయితే పొగతాగనివారికి ఇది రాదనుకోవడమూ పొరపాటే. మన దేశంలో జీవితంలో ఒక్క సిగరెట్ ముట్టని ఆడవాళ్లకూ వస్తోంది. పక్కవారి పొగ, వాహనాల పొగ, వంటింటి పొగ అన్నీ ఊపిరితిత్తులే మోయాలి. బయటి గాలి కాలుష్యాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనా విభాగం 2013లో చేర్చింది. నా స్కాన్ తర్వాత అమ్మను కూడా ఎక్స్‌రేకు రమ్మంటే, "నాకెందుకురా, నేనేమైనా చుట్ట తాగానా?" అంది. ముప్ఫై ఏళ్లు ఊక పొయ్యి ముందు, పిడకల పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్న మనిషి! నాన్న చుట్ట కన్నా ఆవిడ మింగిన పొగ తక్కువేమీ కాదు. బతిమాలి తీసుకెళ్లాను. క్యాన్సర్ లేదు. పొయ్యి పొగకు గాలి గొట్టాలు దెబ్బతిన్నాయన్నారు. ఇప్పుడు పీల్చే మందు వాడుతోంది. మెట్లెక్కితే ఆయాసం 'వయసు' అని సరిపెట్టుకున్నామే, అందులో సగం మందుకు తగ్గే ఆయాసమని తేలింది.

మనవాళ్లు ఈ జబ్బును పూర్వం రాచపుండు అనేవారు. ఇప్పటికీ పేరెత్తకుండా 'పెద్ద జబ్బు' అంటాం. పేరు దాచితే జబ్బు ఆగదు. మా బస్సు దారికి దగ్గరలోని మంటాడలో పుట్టిన నోరి దత్తాత్రేయుడు న్యూయార్క్ వెళ్లి రేడియేషన్ వైద్యంలో ప్రపంచమెరిగిన డాక్టరయ్యారు, 2015లో పద్మశ్రీ అందుకున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లం మీద చేసిన కృషి నుంచి మొదలైన మందుల వంశంలోదే, నేడు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడే పెమెట్రెక్సెడ్. మన మట్టి ఇంత విద్యను ఇచ్చింది. మనం మాత్రం దగ్గును తువ్వాలులో దాచుకుంటున్నాం.

వైద్యం కూడా అప్పటిలా దూరం లేదు. నాన్న కాలానికి ఆరోగ్యశ్రీ లేదు, 2007లో వచ్చింది. ఇప్పుడది ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది, క్యాన్సర్ చికిత్సలు అందులో ఉన్నాయి. ఒకప్పుడు పేరు చెబితేనే భయపడ్డ ఆ మంగళగిరి శానిటోరియం స్థలంలోనే ఇవాళ ఎయిమ్స్ ఉంది. 2024 ఫిబ్రవరిలో దాన్ని జాతికి అంకితం చేశారు. ఆ దారిన బస్సు వెళ్లినప్పుడల్లా అటు చూస్తాను. 2003లో ఇదుంటే మాత్రం ఏం లాభం, మేం అడగాల్సిన మాట అడగకపోతే?

ఆ మాట పెద్దదేమీ కాదు. దగ్గు రెండు మూడు వారాలు దాటితే ఎక్స్‌రే, కళ్లె పరీక్ష. టీబీ పరీక్ష ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. పాత దగ్గు తీరు మారినా, కళ్లెలో దారప్పోగంత రక్తం కనిపించినా, వారాల తరబడి గొంతు బొంగురుపోయినా, ఒకే చోట మళ్లీ మళ్లీ నిమ్ము చేసినా, కారణం లేకుండా బరువు తగ్గినా, భుజం నొప్పి వదలకపోయినా, వేళ్ల చివర్లు ఉబ్బి గోళ్లు వంపు తిరిగినా ఆగకూడదు. వీటిలో చాలా వాటికి కారణం క్యాన్సర్ కాకపోవచ్చు. కానీ క్రిములు కనిపించకుండా టీబీ మందులు మొదలుపెట్టి, రెండు నెలలైనా గుణం లేకపోతే, గౌరవంగానే ఒక ప్రశ్న వేయాలి. "డాక్టరుగారూ, ఇది ఇంకేమైనా కావచ్చా?" మంచి డాక్టరెవరూ ఆ ప్రశ్నకు కోపగించుకోరు. మందులు మాత్రం మనంతట మనం ఆపకూడదు.

ఆ రెండు ఎక్స్‌రేలు ఇప్పటికీ మా బీరువా వెనక ఉన్నాయి. పారేయమని మా అమ్మాయి అంటుంది. పారేయలేను.

మొన్న తొలకరికి ఊరెళ్లి కాలువ గట్టు మీదికి నడిచాను. కొత్త నీళ్లు ఎర్రగా వస్తున్నాయి. తూము దగ్గర ఇప్పటి లస్కరు కూర్చుని ఉన్నాడు, నాకన్నా పదేళ్లు చిన్నవాడు. నన్ను చూసి బీడీ వెనక్కి దాచి లేచి నిలబడ్డాడు. నమస్కారం పెట్టబోయి దగ్గాడు. ఆగి మళ్లీ దగ్గాడు.

అతని పక్కన గట్టు మీద కూర్చున్నాను. నాన్నను అడగని మాట అతన్ని అడిగాను.

"ఎన్నాళ్ల నుంచి తమ్ముడూ, ఈ దగ్గు?"